పార్స్‌లీకి పులుసు పరీక్ష

నెల్లూరులో కొత్తిమీర కొనే పని లేదు. బండి దగ్గర వంకాయలు తూయించుకుని, బెండకాయలు ముదురేమోనని నాలుగు తుంచి చూసి, డబ్బులిచ్చేశాక సంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడడమే. బండాయన ఒక రెమ్మ కరివేపాకు, గుప్పెడు కొత్తిమీర అందులో పడేస్తాడు. పడెయ్యకపోతే మనం కదలం. వానలకు పంట పోయి కట్ట ధర కొండెక్కిన రోజుల్లో కూడా "ఏందయ్యా, కొసరు లేదా?" అని అడిగే హక్కు మనకుంటుంది. "ఈ రేటులో యాడ తెచ్చేదమ్మా" అని గొణిగే హక్కు ఆయనకుంటుంది. గొణుగుడు అయ్యాక నాలుగు కాడలైనా సంచిలోకి వస్తాయి.

అలాంటి ఊళ్ళో, ఒక ఆకు కోసం డబ్బు పెట్టి విత్తనాలు తెప్పించి, మట్టి కొని, ఎరువు కొని, దసరా నుంచి సంక్రాంతి దాకా కాపలా కాసిన మనిషి మా ఆయన. ఆ ఆకు పేరు పార్స్‌లీ.

ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. సోమశిల నీళ్ళు ఏ కాలవకి ఎప్పుడు వదలాలి, ఏ చెరువు ఎంత నిండింది అని ఉద్యోగమంతా లెక్కలు రాసిన చెయ్యి అది. రిటైరయ్యాక ఆ చేతికి పని లేక ముందు నా వంటింట్లోకి వచ్చింది. పప్పు డబ్బాల మీద తేదీలు రాసింది. గ్యాసు బండ ఎన్ని రోజులొస్తుందో తలుపు వెనక గీతలు గీసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, హైదరాబాదులో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దె మీద ఇంటికి సరిపడా కాయగూరలు పండిస్తున్నారన్న సంగతి ఆయన చెవిన పడడం నా పూర్వజన్మ సుకృతం. మనిషి మిద్దె ఎక్కాడు. వంటిల్లు నాకు దక్కింది.

మొదట తోటకూర, గోంగూర, బచ్చలి, పుదీనా వేశాడు. అవి వాటి మానాన అవి పెరిగాయి. గోంగూరకి ఒకరి పర్యవేక్షణ అక్కర్లేదు. వామాకు కొమ్మ తుంచి మట్టిలో గుచ్చితే చాలు, మరిచిపోయినా బతుకుతుంది. ఇంత సులభంగా పెరిగేవాటితో ఆయనకి తృప్తి లేదు. రిజిస్టరులో రాయడానికేమీ లేని పంట ఆయన దృష్టిలో పంటే కాదు.

అప్పుడు డబ్లిన్ నుంచి అమ్మాయి ఫోను చేసింది. సంక్రాంతికి వస్తామని చెప్పి, మాటల్లో మాటగా "పిల్లోడికి చేప మీద పార్స్‌లీ సాస్ ఉంటేనే ముద్ద దిగేది నాన్నా" అనింది. ఐర్లండులో ఉప్పు పట్టించిన పందిమాంసం, క్యాబేజీ ఉడకబెట్టి, వాటిమీద పచ్చటి తునకలు తేలే తెల్ల సాస్ పోసుకోవడం తాతలనాటి ఇంటి వంటట. చేప మీదా అదే పోస్తారట. అమ్మాయి ఆ ముక్క మామూలుగానే చెప్పింది. ఇక్కడ మాత్రం ఫోను పెట్టేసేసరికే ప్రాజెక్టు మంజూరైపోయింది.

నేను చెన్నై సంగతి గుర్తుచేశాను. ఊటీ వైపు, బెంగళూరు వైపు పండే ఇలాంటి ఆకులన్నీ చెన్నై పెద్ద అంగళ్ళలో దొరుకుతాయి. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి కట్టతో తిరిగి రావచ్చు. ఆయన నావైపు జాలిగా చూసి, ఆన్‌లైన్‌లో విత్తనాలు ఆర్డరు పెట్టేశాడు.

పొట్లం వచ్చింది. పైన బొమ్మలో అడవంత పచ్చదనం, లోపల చిటికెడు గింజలు. చూడ్డానికి అచ్చం వాము. దగ్గరి చుట్టరికమే లెండి. పార్స్‌లీ, కొత్తిమీర, వాము, జీలకర్ర, సోంపు, క్యారెట్టు అన్నీ ఒకే కుటుంబం. వాటిలో మిగతావన్నీ మన వంటింట్లో ఎప్పటినుంచో కాపురముంటున్నాయి, ఇదొక్కటే మధ్యధరా సముద్రం ఒడ్డున ఉండిపోయింది.

గింజ పైపొరలో మొలకను ఆపే పదార్థాలుంటాయనీ, ఒక రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి విత్తితే కాస్త తొందరపడతాయనీ ఆయన చదివాడు. చదివినట్టే కాఫీ గ్లాసులో నానబెట్టి వంటింటి గట్టు మీద పెట్టాడు. తెల్లవారుజామున మా అత్త లేచింది. ఆమెకి కడుపుబ్బరం, పొద్దున్నే వాము నీళ్ళు తాగే అలవాటు. గ్లాసు నోటిదాకా పోయింది.

"అమ్మా! అది తాగమాక!" అని ఆయన పెట్టిన కేక పక్కింటికి వినబడింది. విత్తనాలకి మందు పూసి అమ్ముతారు కాబట్టి ఆ కేకలో న్యాయముంది. మా అత్త గ్లాసు దించి, తాపీగా, "నా కడుపులో మొలుస్తాదని భయమా, మీ పెట్టెలో మొలవదని భయమా?" అనింది.

పెట్టె సంగతి చెప్పాలి. నెల్లూరులో మిద్దెతోట వేసేవాళ్ళకి దేవుడిచ్చిన కుండీ చేపల పెట్టె. ఐసు నింపి రొయ్యలూ చేపలూ తెచ్చే తెల్ల థర్మాకోల్ పెట్టెలు, సరుకు అమ్ముడుపోగానే మార్కెట్టు మూల గుట్టగా పడుంటాయి. పది ఇరవై ఇస్తే ఒకటి చేతికొస్తుంది. అడుగున స్క్రూడ్రైవరుతో నాలుగు బొక్కలు పొడిస్తే కుండీ తయారు. లోతుంటుంది కాబట్టి ముల్లంగిలా లోపలికి దిగే పార్స్‌లీ వేరుకి సరిపోతుంది. ఐసుని కరగనివ్వని పెట్టె వేరునీ వేడెక్కనివ్వదు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాడు. మా బోరు నీళ్ళు ఉప్పన, కాబట్టి కొళాయిలో వచ్చే పెన్న నీళ్ళే పొయ్యాలని ఇంట్లో హుకుం జారీ అయింది. మేము ఉప్పు నీళ్ళతో స్నానం చేస్తుంటే పార్స్‌లీ మంచినీళ్ళు తాగింది.

ఎంత కడిగినా చేపల పెట్టెకి చేపల వాసన పోదు. విత్తిన రాత్రే మా వీధి పిల్లి వచ్చి, వాసన చూసి, తవ్వి, ఏమీ దొరక్క, ఆ మెత్తటి మట్టిలోనే పడుకుంది. పొద్దున ఆయన పిల్లిని లేపిన తీరు చూస్తే, జీవితంలో నన్ను ఎప్పుడూ అంత మెల్లగా లేపలేదని గుర్తొచ్చింది. గింజలు కదిలిపోతాయని భయం. తర్వాత పెట్టెకి కోళ్ళ గంప బోర్లించారు. పిల్లి గంప మీద పడుకుంది.

ఇక మొలక కోసం ఎదురుచూపు. తోటకూర మూడో రోజుకి కనబడుతుంది. కొత్తిమీరని ధనియాలు నలిపి వేస్తే వారం, పది రోజులు. పార్స్‌లీకి మూడు వారాలు పడుతుంది, దానికి బుద్ధి పుట్టకపోతే ఇంకా ఎక్కువే. ఇంగ్లండులో పల్లెజనం దీనికో కథ కట్టారు. పార్స్‌లీ గింజ మొలిచేముందు ఏడుసార్లు సైతాను దగ్గరికి పోయి వస్తుందట. కొందరు తొమ్మిదిసార్లంటారు. అందుకే సైతాను పప్పులుడకని గుడ్‌ఫ్రైడే నాడు విత్తేవాళ్ళట. ఆయన ఇదంతా చదివి వినిపిస్తే మా అత్త వక్క నములుతూ వినింది.

"ఏడుసార్లు పోయొచ్చే బదులు ఆడే మొలవచ్చు కదరా."

ప్రాచీన గ్రీకులదైతే ఇంకో గోల. వాళ్ళకి పార్స్‌లీ, దాని దాయాది సెలరీ చావుతో ముడిపడిన ఆకులు. సమాధుల మీద పెట్టేవాళ్ళు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో టిమోలియన్ అనే సేనాపతి సిసిలీలో కార్తేజి సైన్యం మీదికి పోతుంటే, ఎదురుగా ఈ ఆకు మోపులు మోస్తూ కంచరగాడిదలు వచ్చాయట. సైనికులు హడలిపోయారు. కత్తులకి భయపడనివాళ్ళు కట్ట ఆకుకి భయపడ్డారు. టిమోలియన్ తెలివైనవాడు. ఆటల పోటీల్లో గెలిచినవాళ్ళకి వేసే కిరీటం కూడా ఈ ఆకుతోనే కదా అని గుర్తుచేసి, తనే కాస్త తెంపి తలకి చుట్టుకున్నాడు. యుద్ధం గెలిచాడు. ప్లూటార్క్ రాసిపెట్టిన ముచ్చట ఇది. శకునం చూసి బయల్దేరే మా అత్తకి ఈ కథ మాత్రం నచ్చింది. "అయితే ఎదురొస్తే మంచిదేనన్నమాట" అని తీర్పిచ్చింది.

చివరికి మొలిచాయి. నిక్కి చూస్తే తప్ప కనబడని రెండేసి సన్నటి ఆకులు. తర్వాత చీలికల ఆకు ఒకటి. మా ఆయన వాటికి కొత్తల్లుడికి చేసే మర్యాదలన్నీ చేశాడు. ఎండ తగిలితే నీడకి జరపడం, నీడ ఎక్కువైతే ఎండకి జరపడం, పొద్దునా సాయంత్రం పలకరింపు. ఆ అల్లుడు మాత్రం మాట మాట్లాడలేదు, పెరగలేదు, అలాగే కూచున్నాడు.

దీపావళి వెళ్ళాక మిద్దె కడగడానికి మా ఇంట్లో పనిచేసే ఆమె పైకెళ్ళింది. దిగొచ్చి చెయ్యి దులుపుకుంటూ, "పెట్టెలో కాంగ్రెసు గడ్డి మొలిచి ఉండాదమ్మా. అయ్యగారు చూసుకోలా. దురద పెడతాదని చేతికి సంచి తొడుక్కుని పీకేసినా" అనింది.

ఆయన మెట్లెక్కిన వేగం చూసి నాకు ఆయన మోకాళ్ళ నొప్పి మీద అనుమానం వచ్చింది. సగం వరస పోయింది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. వయ్యారిభామ మొక్క చిన్నగా ఉన్నప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. క్యారెట్ గడ్డి అని దానికి ఇంకో పేరు కూడా ఉంది. అదీ విదేశీదే. 1950ల్లో అమెరికా నుంచి దిగుమతైన గోధుమలతో కలిసి మన దేశంలో అడుగుపెట్టిందని చెబుతారు. దానికి ఎవరూ విత్తనాలు నానబెట్టలేదు, గంప బోర్లించలేదు. కయ్యల గట్ల మీదా, రైలుకట్ట పక్కనా, ఖాళీ స్థలం కనబడితే చాలు, పెరిగిపోయింది. చర్మానికి దురదలు, ఊపిరికి ఆయాసం, పైరుకి చేటు. దాన్ని పీకండని ప్రభుత్వాలు జనాన్ని వేడుకుంటుంటే, ఉన్న ఊళ్ళో నిజాయితీగా పీకిన ఒకే ఒక్క మనిషి మా ఇంట్లో పార్స్‌లీని పీకింది. మిగిలిన మొక్కల పక్కన ఆయన "ఇది కలుపు కాదు" అని అట్టముక్క మీద రాసి గుచ్చాడు. ఆమెకి చదువు రాదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా గుచ్చాడు.

నవంబరులో వాయుగుండం. మాకు వానలంటే ఈశాన్య రుతుపవనాలే, కురిస్తే ఒక్క వారంలో ఏడాదికి సరిపడా కురుస్తాయి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయిన సంగతి ఊరు మర్చిపోలేదు. కాబట్టి హెచ్చరిక వినగానే అందరం బియ్యం, కొవ్వొత్తులు, కిరసనాయిలు చూసుకుంటాం. మా ఇంట్లో ముందు పెట్టె కిందికి దిగింది. ముందు గదిలో టీవీ పక్కన, టీవీకన్నా మంచి చోట పెట్టారు. రెండు రోజులు కరెంటు లేదు. హోరున వాన, కొవ్వొత్తి వెలుగు, చేపల వాసన, మధ్యలో పార్స్‌లీ. పిల్లి కూడా లోపలికొచ్చేసింది. దానికి మాత్రం ఈ ఏర్పాటు బాగా నచ్చింది.

వాన వెలిశాక మొక్క పుంజుకుంది. మా నెల్లూరులో పార్స్‌లీకి సరిపడే కాలం ఈ నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకానే. పగలు మెత్తటి ఎండ, రాత్రి కాస్త చలి. కోసే పద్ధతి కొత్తిమీరకి వేరు. కొత్తిమీరని వేళ్ళతో సహా లాగేస్తాం. పార్స్‌లీలో బయటి కాడల్ని మొదటికంటా కోస్తూ నడిమి మొగ్గని వదిలేస్తే మళ్ళీ మళ్ళీ వేస్తుంది. చూపుకి కొత్తిమీరతో పొరబడే ఆకే, కాకపోతే కొత్తిమీర అంచు గుండ్రన, దీని అంచు కోసు. నలిపి వాసన చూస్తే ఇక అనుమానముండదు. కొత్తిమీర వాసన పక్క గదిలోకి వస్తుంది. పార్స్‌లీ వాసన కోసం మనమే దాని దగ్గరికి పోవాలి.

ఆ నెమ్మదితనం కోసమే తెల్లవాళ్ళు దాన్ని ఇష్టపడతారనుకుంటాను. వాళ్ళలో చాలామందికి మన కొత్తిమీర గిట్టదు, సబ్బు నాకినట్టుంటుందంటారు. అది వేషం కాదు. వాసన పట్టే ఒక జన్యువులో తేడా ఉన్నవాళ్ళకి నిజంగానే అలా అనిపిస్తుందని 2012లో పరిశోధకులు తేల్చారు. అమెరికాకి ఫ్రెంచి వంట నేర్పిన జూలియా చైల్డ్ అయితే, పళ్ళెంలో కొత్తిమీర కనబడితే ఏరి నేలమీద పడేస్తానని 2002లో టీవీలోనే చెప్పింది. నెల్లూరులో ఆ మాట అని ఉంటే కూరగాయల బండ్లవాళ్ళు ఊరు దాటనిచ్చేవాళ్ళు కాదు.

ఇంతకీ పంట చేతికొచ్చింది. ఏం చెయ్యాలి? ఇక్కడే అసలు తగవు. నెల్లూరు ఇంట్లో ఏ ఆకు విలువైనా తేలేది చేపల పులుసులో. మా ఆయన, "వచ్చే ఆదివారం పులుసులో వేద్దాం" అన్నాడు. మా అత్త, "నేను పొయినాక వెయ్యండి" అనింది.

మా అత్త పులుసుకి చట్టముంది. మట్టి దాక. బొమ్మిడాయిలో, కొరమీనో, పొద్దున్నే తెచ్చింది. చింతపండు పులుసు చిక్కగా, అందులో పుల్లమామిడి ముక్కలు. మెంతులు, ఆవాలు దోరగా వేయించి కొట్టిన పొడి చివర్లో. చేప పడ్డాక గరిటె పెట్టకూడదు, దాకని గుడ్డతో రెండుపక్కలా పట్టుకుని మెల్లగా తిప్పాలి. దించాక ఆ పూట తినడం తొందరపాటు, మర్నాడు తినడం పద్ధతి. ఇందులో కరివేపాకుకి చోటుంది. కొత్తిమీరనే ఆమె "ఉంటే వెయ్యి, లేకుంటే లేదు" అనే కోవలో పెట్టింది. అలాంటిచోట ఐర్లండు సిఫార్సుతో వచ్చిన ఆకుకి ఏం స్థానం?

రాజీ కుదిరింది. దాకలోంచి రెండు గరిటెల పులుసు చిన్న గిన్నెలోకి తీసి, అందులో సన్నగా తరిగిన పార్స్‌లీ కలిపారు. మా ఆయన తిన్నాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ తిన్నాడు. నేను తిన్నాను. అత్త ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. అందులో పార్స్‌లీ లేదు. అంటే ఉంది, పళ్ళ మధ్య తగులుతోంది, రుచి మాత్రం ఎక్కడా లేదు. చింతపండు, ఎండుమిరపకారం, మెంతిపొడి ముగ్గురూ కలిసి దాన్ని నోరెత్తనివ్వలేదు. మా ఆయన ఇంకో గుప్పెడు వేశాడు. పులుసు రంగు మారింది, రుచి మారలేదు. "ఖర్చు దండగ" అని అత్త చెయ్యి కడుక్కుంది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు, పిల్లాడు దిగారు. భోగి మర్నాటి హడావుడి తగ్గాక సాస్ కార్యక్రమం. వెన్న కరిగించి, మైదా వేయించి, పాలు పోసి చిక్కబడ్డాక తరిగిన పార్స్‌లీ, ఉప్పు, మిరియాల పొడి. ఆవిరిమీద ఉడికిన చందువ మీద అది పొయ్యాలి. పాలు అనేసరికి మా అత్త లేచి నిలబడింది. చేపా పాలూ కలిస్తే బొల్లి వస్తుందని ఈ ఇంట్లో నాలుగు తరాల నమ్మకం. వైద్యులు అదేమీ లేదంటారు, నేనూ అదే చెప్పాను. ఆమె వినలేదు. సాస్ చేసిన గిన్నె నా వంటింట్లోకి మళ్ళీ రాకూడదంది. ఆ గిన్నె ఇప్పుడు మిద్దె మీద ఎరువు కొలవడానికి పనికొస్తోంది.

పిల్లాడు పళ్ళెం ముందు కూచుని ఆకుని పరీక్షగా చూశాడు. "తాతా, ఇది వేరే పార్స్‌లీ. మాది ఉంగరాలుగా ఉంటాది" అన్నాడు.

నిజమే. అది రెండు రకాలు. ఆకు ముడుచుకుని నురగలు నురగలుగా ఉండేది ఒకటి, ఇంగ్లండు, ఐర్లండుల్లో అలవాటైంది అది. చదునాకు ఇటలీవాళ్ళది, దానికి రుచీ వాసనా ఎక్కువ. మా ఆయన తెప్పించింది చదునాకు. దాని గొప్పతనం గురించి మనవడికి ఆయన ఉపన్యాసం ఇస్తుండగా, పిల్లాడు రెండు చెంచాలు తిని, "డబ్లిన్‌లో బాగుంటుంది" అని లేచి మిద్దె మీదికి పోయాడు. పెట్టెలో పిల్లి ఉందని ఎవరో చెప్పారు వాడికి. ఉన్న పది రోజులూ వాడికి ఆ పెట్టెలో పనికొచ్చింది పిల్లి ఒక్కటే.

ఇక్కడితో కథ ముగిసేదే. ఇంతలో మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్నామె జాకెట్లు ఇవ్వడానికి వచ్చింది. చాలా ఏళ్ళు కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంట చేసి వచ్చిన మనిషి. ఈ నెల్లూరు, కడప, రాయచోటి వైపు నుంచి ఇంటిపనికి కువైట్ పోయినవాళ్ళు లేని వీధి తక్కువ. గట్టు మీద వాడిపోతున్న కట్టని చూసి ఆమె మొహం విప్పారింది.

"బగ్దూనిస్ కదమ్మా! ఈడ యాడ దొరికింది?"

అరబ్బులు పార్స్‌లీకి పెట్టుకున్న పేరు అది. మేం వీడియోలు చూసి నేర్చుకుంటున్న ఆకుని, ఆమె రోజూ కట్టలకి కట్టలు కోసింది. మా ఆయన కుర్చీ వేశాడు. జీవితంలో జాకెట్టు తెచ్చినవాళ్ళకి ఆయన కుర్చీ వెయ్యడం అదే మొదలు.

ఆమె కూచోలేదు. కట్టని నీళ్ళలో జాడించి, పొడి గుడ్డలో చుట్టి, తడి ఒక్క బొట్టు లేకుండా అద్దింది. తడి ఉంటే ముద్దయిపోతుందట. కాడలు తీసేసి, ఆకుల్ని పిడికిట్లో బిగించి, పీట మీద ఆన్చి, కత్తి మొనని కదలనివ్వకుండా మడమని మాత్రం ఆడిస్తూ తరిగింది. దారాలు రాలాయి. ఒకసారి తరిగినదాన్ని మళ్ళీ తరగలేదు. "మళ్ళా మళ్ళా కొడితే ఆకు నల్లబడి నీరు కారతాదమ్మా. మా మేడం చూసిందంటే గిన్నె ఎత్తి పారబోసేది" అనింది నవ్వుతూ. గింజలు తీసేసిన టమాటా, ఉల్లికాడలు, కాస్త పుదీనా, అన్నీ అంతే సన్నగా. గోధుమరవ్వ గుప్పెడే, నిమ్మరసంలో నాని మెత్తబడినంత. ఇంకా రెండు గూడూరు నిమ్మకాయలు పిండి, ఆలివ్ నూనె లేదంటే నువ్వుల నూనె ఒక చెంచా వేసి, ఉప్పు చిట్టచివర. దీని పేరు తబూలే. లెబనాన్, సిరియాల వంట, గల్ఫంతా తింటారు. రవ్వలో ఆకు కాదు, ఆకులో రవ్వ. హోటళ్ళలో రవ్వ ఎక్కువేసి ఆకు చల్లి ఇచ్చేది తబూలే కాదని ఆమె గట్టిగా చెప్పింది.

మా అత్త మొదట చూసి, "ఉప్మా తిరగమోత పెట్టడం మరిచినారా?" అని అడిగింది. తర్వాత ఒక చెంచా తినింది. మాట్లాడలేదు. రెండో చెంచా తినింది. గిన్నె తన వైపు జరుపుకుంది. పులుసులో నోరు మెదపని ఆకు నిమ్మకాయ దగ్గర గొంతు విప్పింది.

ఎంతోమంది తెలుగు ఆడవాళ్ళు ఎడారి దేశాల్లో పరాయి వంటిళ్ళలో నిలబడి ఈ ఆకుని తరిగారు, కడుపు నిండా వడ్డించారు, తిరిగొచ్చి కుట్టుమిషను తొక్కుకుంటున్నారు. మన పత్రికల వంటల పేజీల్లో మాత్రం తబూలేకి ఎప్పుడూ ఏ స్టార్ హోటలు షెఫ్పో ఫోజిస్తాడు. నాకైతే ఇకమీదట ఆ పేజీల మీద నమ్మకం లేదు.

వార్త వీధిలో పాకింది. పక్కింటి పెద్దాయన, రిటైర్డు హెడ్‌మాస్టరు, పార్స్‌లీ రక్తాన్ని శుభ్రం చేస్తుందట కదా, రోజూ గ్లాసు రసం తాగుతాను, పెట్టె మొత్తం ఎంతకిస్తారు అని వచ్చాడు. ఆయనకి గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నాడు. ఇక్కడ హాస్యం కాసేపు పక్కన పెడతాను. పార్స్‌లీ 100 గ్రాముల్లో విటమిన్ కె 1600 మైక్రోగ్రాములకి పైనే ఉంటుంది. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది 100కి అటూ ఇటూ. ఆ విటమిను రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చేది, ఆ మాత్ర గడ్డకట్టకుండా ఆపేది. రెండూ కడుపులో కొట్టుకుంటే నష్టపోయేది మనిషి. అలాంటి మాత్రలు వాడేవాళ్ళు ఆకుకూరల మోతాదు ఉన్నట్టుండి మార్చకూడదు, డాక్టరుని అడగాలి. గర్భవతులు వంటలో చల్లుకున్నంత తినొచ్చుగానీ, మందు పేరుతో పార్స్‌లీ కషాయాలూ నూనెలూ ముట్టుకోకూడదు. మిగతావాళ్ళకి మంచి ఆకే. విటమిన్ సి నారింజపండుకన్నా రెట్టింపు ఉంది. కాకపోతే నారింజపండు తిన్నంత సులువుగా 100 గ్రాముల పార్స్‌లీ ఎవరు తింటారో నాకు తెలీదు, మేకలు తప్ప.

పెద్దాయన నిరాశపడి రెండు కాడలు వాసన చూసి వెళ్ళాడు.

మహాశివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. మార్చిలో ఆకు అంచులు పసుపెక్కాయి. పార్స్‌లీ రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు ఆకులేసి, చలికాలం గడిచాక రెండో ఏడు పూసి గింజ కడుతుంది. మా మిద్దె మీద రెండో ఏడు చూడాలంటే ముందు మే నెల దాటాలి. కత్తిరి ఎండల్లో నలభై డిగ్రీలు దాటాక మనుషులమే దాటలేకపోతున్నాం. కాబట్టి మా దగ్గర గింజ కట్టదు, ఏటా పొట్లం కొనుక్కోవలసిందే. ఏప్రిల్లో మిగిలిన ఆకంతా తరిగి, నీళ్ళు పోసి, ఐసు ట్రేలో గడ్డ కట్టించి దాచాను. ఎండబెట్టలేదు, ఎండితే దీనికి ఉన్న కాస్త వాసనా పోతుంది. చారు దించాక ఒక గడ్డ వేసి, పైన నిమ్మకాయ పిండితే సరిపోతోంది. పెట్టెలో ఇప్పుడు గోంగూర ఉంది. ఆయన రిజిస్టరు మూసేశాడు.

మీలో ఎవరికైనా వేసే ఉద్దేశముంటే దసరాకి విత్తండి, చదునాకు రకమే తీసుకోండి, ఒక రాత్రి నానబెట్టండి, గ్లాసు పెద్దవాళ్ళకి అందకుండా పెట్టండి. పులుసులో వెయ్యకండి. పెట్టె కోసం మార్కెట్టుకి పొద్దున ఏడు లోపల పోవాలి, ఆ తర్వాత మంచివి ఉండవు.